కాలర్ బోన్‌కి ప్లేటు వేసి 17 రోజులు. మచ్చ కింద చర్మం మొద్దుబారింది, ఇది మామూలేనా?

సైకిల్_సవారి
తడి రోడ్డు మీద సైకిల్ జారి ఎడమ భుజం మీద పడ్డాను. టప్‌మన్న చప్పుడు నాకే వినిపించింది. ఎక్స్‌రేలో కాలర్ బోన్ మధ్యలో మూడు ముక్కలు, ఒక కొస ఇంకో కొస మీదికి ఎక్కి కూర్చుంది. ఎముక రెండు సెంటీమీటర్ల పైనే పొట్టిదైందని, పట్టీ కట్టి వదిలేస్తే సరిగ్గా అతుక్కోకపోవచ్చని చెప్పి ఆపరేషన్ చేశారు. టైటానియం ప్లేటు, 8 స్క్రూలు. 14వ రోజు కుట్లు తీశారు.

నొప్పి తట్టుకోగలుగుతున్నాను. భయమంతా ఇంకోటి. మచ్చ కింద నుంచి ఛాతీ పైభాగం దాకా అరచేయంత మేర స్పర్శ లేదు. చొక్కా తగిలితే అది నా ఒంటికి కాక ఇంకెవరి ఒంటికో తగిలినట్టుంది. డాక్టర్‌ని అడిగితే "తగ్గిపోతుంది" అని ఒక్క ముక్క చెప్పి తర్వాతి పేషెంట్‌ని పిలిచారు. ఆపరేషన్‌కి ముందు ఈ మాట ఎవరూ చెప్పలేదు. నరం తెగిపోయిందా? చెయ్యి పడిపోతుందా? రాత్రిళ్లు ఇదే ఆలోచన.

ఇంకో రెండు సంగతులు. నిద్ర అస్సలు పట్టట్లేదు. మా పాపకి రెండేళ్లు, ఎత్తుకోమని రోజూ ఏడుస్తోంది. ఎప్పటికి ఎత్తుకోవచ్చు?

పాతప్లేటు
నాకు ప్లేటు వేసి నాలుగేళ్లు. మొదట్లో మీలాగే అరచేయంత మొద్దుబారింది, ఇప్పుడు బొటనవేలి గోరంత మిగిలింది. ఎవరైనా అడిగితే తప్ప గుర్తుకే రాదు.

నిద్రలేని_రాత్రి
నాకు ఏడు నెలలు. ఇంకా సగం మేర అలాగే ఉంది. చెయ్యి మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తోంది.

భుజాల_ఫిజియో
రోజూ ఇలాంటి భుజాలతోనే నా పని, అందుకే వివరంగా రాస్తున్నాను. మెడ పక్క నుంచి కొన్ని సన్నటి నరాలు దిగి, సరిగ్గా కాలర్ బోన్ మీదుగా, చర్మానికి కాస్త అడుగున, ఛాతీ పైభాగానికి వెళ్తాయి. సుప్రాక్లావిక్యులర్ నరాలు అంటారు. ప్లేటు పెట్టడానికి ఎముక పొడవునా కోత పెడితే అది వీటికి అడ్డం వస్తుంది. కనబడినవాటిని పక్కకి లాగి కాపాడతారు, కొన్ని సాగుతాయి, కొన్ని తెగుతాయి. మీకు జరిగింది ఇదే.

అసలు మాట ఏమిటంటే, అవి స్పర్శ నరాలు మాత్రమే. చేతిని ఆడించే నరాలు వేరు, అవి ఎముక కింద లోతుగా పోతాయి. కాబట్టి ఈ మొద్దుబారడానికీ చేతి బలానికీ సంబంధం లేదు. నెలలు గడిచేకొద్దీ అంచుల నుంచి లోపలికి తగ్గుతూ వస్తుంది. మధ్యలో చీమలు పాకినట్టు, చిన్న షాక్ కొట్టినట్టు ఉంటుంది. అది నరం మేలుకుంటున్న గుర్తు. కొందరికి కాస్త మేర ఎప్పటికీ ఉండిపోతుంది, అదీ ముందే తెలిసి ఉండటం మంచిది.

వెంటనే హాస్పిటల్‌కి పరుగెత్తాల్సినవి వేరే ఉన్నాయి: వేళ్లకి తిమ్మిరి ఎక్కడం, పిడికిలి పట్టు సడలడం, చెయ్యంతా వాచి రంగు మారడం, ఊపిరి తీస్తే ఆయాసం, ఛాతీలో పోటు. కుట్ల దగ్గర ఎర్రబడి వేడిగా ఉన్నా, చీము కారినా, జ్వరం వచ్చినా ఆ రోజే చూపించుకోండి, మర్నాటికి వాయిదా వెయ్యొద్దు.

సైకిల్_సవారి
భుజాల_ఫిజియో గారూ, ఈ నాలుగు ముక్కలు హాస్పిటల్‌లో ఎవరైనా చెప్పి ఉంటే పదిహేడు రాత్రుల భయం తప్పేది. వేళ్లు బాగానే ఆడుతున్నాయి, పట్టు కూడా ఉంది. ఇప్పుడే మీ పోస్టు మా ఆవిడకి చదివి వినిపించాను.

పట్టీతోనే_సరి
నాకు అర్థం కాని విషయం ఒకటే. కాలర్ బోన్‌కి అసలు ఆపరేషన్ ఎందుకు? నాదీ మధ్యలోనే విరిగింది. మెడకి వేలాడే స్లింగ్ పట్టీ వేసుకుని ఇంట్లో కూర్చున్నాను, ఎనిమిది వారాలకి అతుక్కుంది. చర్మం కింద చిన్న బుడిపె మిగిలింది, అంతే. కోత లేదు, స్క్రూ లేదు, మొద్దుబారడం లేదు. ఈ ఎముక దానంతట అదే అతుక్కుంటుందని ఎంతమంది డాక్టర్లు చెప్పలేదు!

అతకని_ఎముక
అందరికీ అతుక్కోదండీ. నాకూ అదే చెప్పి పంపారు. ఏడు నెలలు ఆగాను. చెయ్యి ఎత్తినప్పుడల్లా లోపల రెండు కొసలు ఒకదానికొకటి రాసుకోవడం తెలిసేది, కిర్రుమని. చివరికి తుంటి దగ్గర నుంచి ఎముక తీసి అక్కడ పెట్టి ప్లేటు వేశారు. కాలర్ బోన్ కోత కన్నా తుంటి దగ్గర కోతే ఎక్కువ రోజులు బాధపెట్టింది. మొదట్లోనే ప్లేటు వేసి ఉంటే ఒక కోతతో పోయేది. మీకు అతుక్కుంది, సంతోషం. దాన్ని పట్టుకుని అందరికీ అదే చెప్పకండి.

పట్టీతోనే_సరి
మీకు జరిగింది చదివి నిజంగా బాధేసింది. నా ఎముక పెద్దగా పక్కకి జరగలేదు, కొసలు దాదాపు ఎదురెదురుగానే ఉన్నాయన్నారు. ఆ తేడా నేను రాయాల్సింది.

లెక్కల_మాస్టారు
ఇద్దరూ చెప్పింది నిజమే. తేడా అంతా ఎముక ఎంత జరిగిందన్న దాంట్లో ఉంది. 1960లో అమెరికాలో అచ్చయిన ఒక పెద్ద లెక్కలో, ఆపరేషన్ లేకుండా వదిలేసిన 2,235 మందిలో ముగ్గురికే అతుక్కోలేదు. డాక్టర్లు దశాబ్దాల పాటు ఆ లెక్కనే నమ్ముకున్నారు. అందులో పిల్లల కేసులూ కలిసి ఉన్నాయన్నది తర్వాత వచ్చిన విమర్శ. పిల్లల ఎముక ఎలాగైనా అతుక్కుంటుంది కదా.

2007లో కెనడా వాళ్లు ఎముక పూర్తిగా పక్కకి జరిగిపోయిన పెద్దవాళ్ల కేసులే తీసుకుని, సగం మందికి ప్లేటు, సగం మందికి స్లింగ్ ఇచ్చి ఏడాది చూశారు. ప్లేటు వేసిన 62 మందిలో ఇద్దరికి అతుక్కోలేదు. స్లింగ్ వేసిన 49 మందిలో ఏడుగురికి అతుక్కోలేదు, ఇంకో తొమ్మిది మందికి వంకరగా అతుక్కుని ఇబ్బంది పెట్టింది. అతుక్కోవడానికి పట్టిన కాలం సగటున ప్లేటుతో 16 వారాలు, స్లింగ్‌తో 28. అలాగని ప్లేటు వైపు అంతా సుఖమేమీ కాదు. ముగ్గురికి గాయం ఇన్ఫెక్షన్ అయ్యింది, కొందరికి ప్లేటు గుచ్చుకుని తీయించుకోవాల్సి వచ్చింది.

ఇంకోలా చూడండి. స్లింగ్ వేసుకున్నవాళ్లలో కూడా ఎక్కువమందికి అతుక్కుంది. అందుకే డాక్టర్లలోనే ఏకాభిప్రాయం లేదు. ఎముక చర్మాన్ని చీల్చుకుని బయటికొచ్చినా, లోపల నుంచి పొడుచుకుని చర్మం తెల్లబడినా, కింద రక్తనాళం దెబ్బతిన్నా అప్పుడు మాత్రం వాదన ఉండదు.

అతకని_ఎముక
ఇంకో మాట. నేను అప్పట్లో సిగరెట్లు కాల్చేవాణ్ని. ఎముక అతుక్కోకపోవడానికి అదీ ఒక కారణమని రెండో డాక్టర్ చెప్పారు. మానేశాకే ఆపరేషన్ చేస్తానన్నారు, మానేశాను. ఇది చదువుతున్నవాళ్లలో ఎవరికైనా ఆ అలవాటుంటే ఈ మూడు నెలలైనా ముట్టుకోకండి, దండం పెడతాను.

చిట్టితల్లి_అమ్మ
సైకిల్_సవారి గారూ, మీ పాప సంగతి చదివి ఆగలేకపోయాను. నాది కుడివైపు, అప్పుడు మా బాబుకి ఏడాదిన్నర. ఆరు వారాలు ఎత్తుకోలేదు. దానికి నేను చేసిందేమిటంటే, కిందే కూర్చోవడం. వాడే పాక్కుంటూ వచ్చి బాగున్న వైపు నుంచి ఒళ్లోకి ఎక్కేవాడు. "అమ్మకి ఇక్కడ ఉఫ్" అని స్లింగ్ చూపిస్తే నాలుగు రోజుల్లో నేర్చేసుకున్నాడు, తర్వాత రోజూ వచ్చి వాడే ఊదేవాడు. పిల్లలకి ఒళ్లు ఉంటే చాలు, ఎత్తే అవసరం మనం అనుకున్నంత లేదు.

జాగ్రత్తపడాల్సింది ఒకటుంది. వాళ్లు పడబోతే మన చెయ్యి తెలియకుండానే పట్టుకోవడానికి వెళ్తుంది. నేను ఒకసారి అలా పట్టుకుని రాత్రంతా ఏడ్చాను. ఏమీ కాలేదు గానీ మర్నాడే ఎక్స్‌రే తీయించుకున్నాను.

సైకిల్_సవారి
చిట్టితల్లి_అమ్మ గారూ, ఇవాళ సాయంత్రం కింద కూర్చున్నాను. వచ్చి ఒళ్లో పడుకుంది. ఇంతకన్నా ఏం రాయాలో తెలియట్లేదు.

నిద్రలేని_రాత్రి
నా పేరే చెబుతోంది కదా, నిద్ర గురించి నేను రాస్తాను. వెల్లకిలా చదునుగా పడుకుంటే భుజం వెనక్కి వాలిపోయి ఎముక దగ్గర లాగుతుంది. వీపు వెనక దిండ్లు పేర్చి సగం కూర్చున్నట్టు పడుకోండి. అన్నిటికన్నా పనిచేసింది మోచేయి కింద పెట్టిన చిన్న దిండు. మోచేయి ఒంటికన్నా వెనక్కి పోకుండా ఆపితే భుజం లాగడం సగానికి సగం తగ్గింది. రాత్రి కూడా స్లింగ్ ఉంచుకోవాలా అన్నది మీ డాక్టర్‌ని అడగండి, నన్ను రెండు వారాలు ఉంచుకోమన్నారు. దెబ్బ తగిలిన పక్కకి తిరిగి పడుకోవడం నాకు మూడో నెలలో గానీ కుదరలేదు.

పాతప్లేటు
పడక కుర్చీ ఉంటే అదే మంచం అనుకోండి. నేను నెల రోజులు అందులోనే.

స్పీడ్_బాబు
నాది బైక్ యాక్సిడెంట్, ప్లేటు వేసి మూడు వారాలు. నొప్పి లేదు. బైక్ ఎక్కితే ఏమవుతుంది? 2013లో బైక్ రేసర్ జార్జ్ లోరెంజో అసెన్ ట్రాక్ మీద పడి కాలర్ బోన్ విరగ్గొట్టుకున్నాడు, రాత్రికి రాత్రే బార్సిలోనా వెళ్లి ప్లేటు వేయించుకుని రెండో రోజే రేసులో ఐదో స్థానంలో వచ్చాడు. మనకి మాత్రం మూడు నెలలంటారు.

లెక్కల_మాస్టారు
స్పీడ్_బాబూ, ఆ కథ సగమే చెప్పావు. రెండు వారాల తర్వాత జర్మనీలో జాక్సెన్‌రింగ్ ట్రాక్ మీద అదే భుజం మీద మళ్లీ పడ్డాడు. ప్లేటు వంగిపోయింది, మళ్లీ ఆపరేషన్. అతని వెనక పూటకో డాక్టర్ ఉన్నాడు, నీ వెనక ఎవరున్నారు?

స్పీడ్_బాబు
అమ్మే ఉంది. తాళాలు కూడా ఆవిడ దగ్గరే ఉన్నాయి.

చిట్టితల్లి_అమ్మ
అమ్మకి నా నమస్కారాలు చెప్పండి. తాళాలు అక్కడే ఉండనివ్వండి.

భుజాల_ఫిజియో
నొప్పి లేకపోవడమూ ఎముక అతుక్కోవడమూ ఒకటి కాదు స్పీడ్_బాబూ. ప్లేటు ముక్కల్ని కదలకుండా పట్టుకుంటుంది కాబట్టి నొప్పి ముందే పోతుంది. ఎముక మాత్రం దాని టైము అది తీసుకుంటుంది. ఈలోగా బరువంతా మోసేది ఆ లోహమే. పదే పదే వంచితే తీగ తెగినట్టు ప్లేటూ అలిసిపోయి విరుగుతుంది, స్క్రూలు ఊడి వస్తాయి. అలాంటి ఎక్స్‌రేలు చూశాను.

కట్టేసిన_చెయ్యి
నేను దీనికి పూర్తిగా రివర్స్. భయంతో ఆరు వారాలు స్లింగ్ తీయలేదు, స్నానానికి కూడా జాగ్రత్తగా తీసి వెంటనే వేసుకునేదాన్ని. ఎముక చక్కగా అతుక్కుంది. కానీ భుజం బిగుసుకుపోయింది, మోచేయి పూర్తిగా చాచలేకపోయాను. తల వెనక చెయ్యి పెట్టుకుని జుట్టు ముడి వేసుకోవడానికి ఐదు నెలలు పట్టింది. ఇప్పుడు ఎవరు "రెస్ట్ తీసుకో" అన్నా నాకు ఒళ్లు మండుతుంది.

స్పీడ్_బాబు
ఒకరు కదపొద్దంటారు, ఒకరు కదపమంటారు. ఏది వినాలి?

భుజాల_ఫిజియో
కదపడం వేరు, బరువు వెయ్యడం వేరు. ఈ రెండూ కలగలిసిపోవడం వల్లే గొడవంతా. వేళ్లు, మణికట్టు, మోచేయి మొదటి రోజు నుంచే ఆడించాలి. భుజానికి మొదట ఊగుడు వ్యాయామం: బాగున్న చేత్తో బల్ల పట్టుకుని ముందుకి వంగి, దెబ్బ తగిలిన చెయ్యిని తాడులా వేలాడదీయాలి. ఒళ్లు మెల్లగా ఊపితే చెయ్యి దానంతట అదే ఊగుతుంది, భుజం కండరంతో ఊపకూడదు. తర్వాత బాగున్న చెయ్యి సాయంతో భుజం ఎత్తు దాకా. ఆపై ఎత్తడం చాలామంది సర్జన్లు నాలుగు నుంచి ఆరు వారాల తర్వాతే ఒప్పుకుంటారు. మొదటి ఆరు వారాలు ఆ చేత్తో గ్లాసుడు నీళ్లు, ఫోను, అంతకు మించి వద్దు. తొయ్యడం, లాగడం, ఆ చేతి మీద ఆని లేవడం అస్సలు వద్దు. ఎక్స్‌రే బాగుంటే ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య బరువులు కొంచెం కొంచెంగా. పడే ప్రమాదం ఉన్న ఆటలు, బైకులు మూడు నాలుగు నెలలు దాటాకే, అదీ ఎక్స్‌రే చూసి.

మీ ఎముక ఎన్ని ముక్కలైందో, స్క్రూలు ఎంత గట్టిగా పట్టాయో చూసింది మీ సర్జన్ ఒక్కరే. నేను రాసిన వారాల కన్నా ఆయన మాట ముందు.

పాతప్లేటు
గోడ మీద వేళ్లు పాకించే వ్యాయామం కూడా రాయండి ఫిజియో గారూ. నాకు చెయ్యి తెచ్చిపెట్టింది అదే. గోడకి ఎదురుగా నిలబడి చూపుడు వేలు, మధ్య వేలు బల్లిలా పైకి పాకించడం. ఎక్కడ ఆగితే అక్కడ పెన్సిల్‌తో గీత, పక్కన తేదీ. మొదటి గీత నా గడ్డం ఎత్తులో ఉంది. కొన్ని రోజులు ఒక్క అంగుళం కూడా కదల్లేదు, రెండు రోజులైతే కిందికి కూడా వచ్చింది. నెల గీతలు ఒకేసారి చూసినప్పుడు తెలిసింది ఎంత ఎక్కానో. ఇల్లు మారినప్పుడు ఆ గోడ ఫోటో తీసుకున్నాను.

భుజ్జిభుజం
ఎవరికైనా కొక్కెం ప్లేటు వేశారా? నాది మధ్యలో కాదు, భుజం వైపు చివర విరిగింది. హుక్ ప్లేట్ అంటున్నారు, తర్వాత తప్పకుండా తీయాలంటున్నారు. రెండో ఆపరేషన్ అంటే గుండె గుభేలుమంటోంది.

కట్టేసిన_చెయ్యి
మా తమ్ముడికి వేశారు. ఆ కొక్కెం భుజం పైనున్న ఎముక కిందికి దూరి ఉంటుంది, చెయ్యి ఎత్తితే అక్కడ ఒరుసుకుంటుంది. ఉంచేస్తే ఎముకని తినేస్తుందట. నాలుగో నెలలో తీశారు. తీసిన వారానికే చెయ్యి ఇంకా పైకి లేచింది, మొదటి ఆపరేషన్‌తో పోలిస్తే ఇది చాలా తేలిక అన్నాడు.

సంచి_భుజం
మామూలు ప్లేటు తీయించుకోవాలా వద్దా అన్నది కూడా చెప్పండి. నేను సన్నగా ఉంటాను, స్క్రూల తలలు చర్మం కింద వేలికి తగులుతాయి. బ్యాగ్ పట్టీ, లోదుస్తుల పట్టీ రెండూ సరిగ్గా దాని మీదే. కారు సీటు బెల్టు కూడా. చిన్న తువ్వాలు మడిచి బెల్టు కింద పెట్టుకుంటున్నాను.

పాతప్లేటు
నాది ఇబ్బంది పెట్టట్లేదు, ఉంచేసుకున్నా. ఎయిర్‌పోర్టులో ఇంతవరకు ఒక్కసారి కూడా మోగలేదు.

నిద్రలేని_రాత్రి
నా స్నేహితుడు 14 నెలలకి తీయించుకున్నాడు. ఏడాది లోపు తీసేది లేదని వాళ్ల డాక్టర్ కచ్చితంగా చెప్పేశారట. తీసేశాక స్క్రూ రంధ్రాలు పూడేదాకా ఆ ఎముక మళ్లీ విరిగే ప్రమాదం ఉంటుందని కొన్ని వారాలు ఆటలు బంద్ చేయించారు.

సైకిల్_సవారి
ఆరు వారాల ఎక్స్‌రే ఇవాళ తీశారు. విరిగిన గీత ఇంకా కనిపిస్తోంది! చుట్టూ కొత్త ఎముక ముద్దలా వస్తుందని చదివాను, అదీ లేదు. డాక్టర్ "బాగుంది" అన్నారు. ఏం బాగుందో నాకైతే కనబడలేదు. చేతులు వణుకుతూ టైప్ చేస్తున్నాను.

భుజాల_ఫిజియో
ఊపిరి పీల్చుకోండి. ముద్దలా వచ్చేది స్లింగ్‌తో వదిలేసిన ఎముకకి. కొసలు కదులుతుంటే వాటిని పట్టి ఉంచడానికి శరీరం ఆ ముద్ద కడుతుంది. ప్లేటుతో కొసలు దగ్గరగా నొక్కిపెట్టి ఉంటే ఆ అవసరం పెద్దగా ఉండదు. ఎముక నేరుగా ఇటు నుంచి అటు అల్లుకుంటుంది, గీత మెల్లమెల్లగా మసకబారుతుంది. ఆరు వారాలకి గీత కనిపించడంలో వింతేమీ లేదు. చూడాల్సినవి వేరే: స్క్రూలు వదులయ్యాయా, ప్లేటు వంగిందా, గీత వెడల్పయిందా. ఆ మూడూ లేవు కాబట్టే ఆయన బాగుందన్నారు. ఈసారి వెళ్లినప్పుడు రెండు ఎక్స్‌రేలూ పక్కపక్కన పెట్టి చూపించమని అడగండి. అడిగితే చూపిస్తారు.

అతకని_ఎముక
నా ఆపరేషన్ తర్వాత కూడా గీత నాలుగో నెల దాకా కనిపించింది. ఇప్పుడు ఎక్కడ విరిగిందో చెప్పమంటే చెప్పలేరు.

సైకిల్_సవారి
13 వారాలు. ఎక్స్‌రేలు పక్కపక్కన పెట్టి చూపించమన్నాను, ఈసారి డాక్టర్ కూర్చోబెట్టి చూపించారు. గీత ఉన్న చోట తెల్లగా మసకలా అల్లుకుంది. బరువులు మెల్లగా మొదలుపెట్టమన్నారు. పాపని ఎత్తుకున్నాను. రెండు నిమిషాలకే భుజం వణికింది, దించేశాను, మళ్లీ ఎత్తుకోమంది. మొద్దుబారిన మేర ఇప్పుడు మూడు వేళ్ల వెడల్పు. దాని అంచున దూదితో, తువ్వాలుతో రోజూ రుద్దుతున్నాను, ఫిజియో చెప్పారు. నిన్న చొక్కా గుండీ చల్లగా తగిలింది అక్కడ. చల్లదనం తెలిసింది!

రేపే_ఆపరేషన్
ఈ పోస్టులన్నీ మొదటి నుంచి చదివాను. నాకు రేపు పొద్దున ప్లేటు వేస్తారు. ఏమేం సిద్ధం చేసుకోవాలి?

చిట్టితల్లి_అమ్మ
ముందు గుండీలున్న వదులు చొక్కాలు. తల మీద నుంచి తొడుక్కునేవి నెల రోజులు మర్చిపోండి. ముందు దెబ్బ తగిలిన చెయ్యి దూర్చాలి, తర్వాత బాగున్నది. విప్పేటప్పుడు దానికి రివర్స్.

నిద్రలేని_రాత్రి
దిండ్లు. నాలుగు అనుకుంటే ఆరు తెచ్చుకోండి.

సైకిల్_సవారి
కోత ఎక్కడ పెడతారు, ఎంత మేర మొద్దుబారవచ్చు అని ఇవాళే సర్జన్‌ని అడగండి. సిగ్గుపడకుండా అడగండి.

రేపే_ఆపరేషన్
సాయంత్రం రౌండ్స్‌కి వచ్చినప్పుడు అడిగాను. జేబులో పెన్ను తీసి నా చర్మం మీదే గీసి చూపించారు, ఇక్కడి నుంచి ఇక్కడికి అని. గీత ఇంకా ఉంది, చూసుకుంటున్నాను.